నూనె పట్టని మేత

నిన్న మస్కట్ దగ్గర సీబ్‌లోని సూపర్‌మార్కెట్‌లో ఐసు మీద వరసగా పడుకోబెట్టిన సీబ్రీమ్ చేపల్లోంచి మా ఆవిడ రెండు ఏరుకుంటుంటే, ఒమాన్‌లో పెంచినవి అని రాసిన అట్టముక్క చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం చేపలేం చేశాయి. నా మంటంతా ఎప్పుడో పోయిన మా మావయ్య మీద. మీలో ఎంతమంది వరసలూ మొహమాటాలూ నమ్ముకుని నాలాగా చెడ్డారో తెలియదు గానీ, చెప్పుకుంటే కాస్త తేలికపడుతుందని చెబుతున్నాను.

మా అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఆ మావయ్య, కాకినాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పేరు తెచ్చుకుని, ఆ పేరుతోనే ఇక్కడ సముద్రపొడ్డున కొత్తగా పెట్టిన చేపపిల్లల హేచరీకి మేనేజరై, నాకూ వీసా ఇప్పించి రప్పించుకున్నాడు. ఆ వీసా సంగతి రోజుకోసారైనా పదిమందిలో గుర్తుచేసేవాడు. నా డ్యూటీ ఆర్టీమియా తొట్ల దగ్గర. ఆర్టీమియా అంటే ఉప్పునీటిలో పొదిగించే, నలుసంత నారింజరంగు పురుగు. చేపపిల్లలు కదిలే మేతనే తింటాయి గనుక వాటికి అదే అన్నం. రొయ్యపిల్లలకైతే పొదిగిన పురుగును పొదిగినట్టే పోసేస్తాం. సముద్రపు చేపపిల్లలకు అలా కుదరదు. పురుగును చేపనూనె కలిపిన నీటిలో రోజంతా ఉంచి, అది ఆ సారమంతా మింగాక, జిడ్డు పోయేలా కడిగి అప్పుడు పోయాలి. ఆ పని నేను ప్రాణంపెట్టి చేసేవాణ్ణి. వెంట్రుకంత పిల్లలు ఒళ్ళు వంచి ఒక్క ఉదుటున మేతను అందుకోవడం చూస్తూ నా అన్నం మరిచిపోయిన రోజులున్నాయి.

ఒకసారి ఆ నూనె నిండుకుంది. తెప్పించడం మరిచిపోయింది మావయ్యే; ఆ మాట యజమానికి చెబితే పరువు పోతుందని, నూనె లేకుండానే పోసెయ్యమన్నాడు. పిల్లలు తట్టుకోవని నేనన్నందుకు అందరి ముందూ ఎగిరిపడ్డాడు.

"మన రొయ్యపిల్లలకి నూనెలూ గీనెలూ ఎప్పుడైనా పట్టించామేంట్రా? పొట్ట నిండిందా లేదా, అంతే చూడు. నిన్ను వీసా ఇచ్చి తెచ్చింది నాకు పాఠాలు చెప్పడానికా?"

నోరు మూసుకుని వారం రోజులు వట్టి పురుగునే పోశాను. మేత కాగితం మీద నూనె పట్టించామని రోజూ ఆయనే రాసి, కింద సంతకం నాచేత పెట్టించేవాడు. మేనమామ వరసవాడు అడిగితే కాదంటే ఊళ్ళో మా అమ్మకు మొహం చెల్లదని పెట్టేవాణ్ణి. పిల్లల పొట్టలు నిండుగానే కనిపించాయి. ఎనిమిదో రోజు పెద్ద తొట్టిలోకి మార్చడానికి బకెట్లతో ముంచగానే, ఆ కాస్త కుదుపుకే ఒళ్ళు బిగుసుకుని గిలగిల కొట్టుకున్నాయి. సాయంత్రానికి తొట్టి అడుగంతా చచ్చిన పిల్లలే. పొట్టలు మాత్రం ఇంకా నారింజరంగుగానే ఉన్నాయి.

యజమాని ఒమానీ, ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఖాళీ నూనె డబ్బాలు చూసి, మేత కాగితాలు తెప్పించి, సంతకం మీద వేలు పెట్టి, "యే తుమ్హారా హై?" అని నన్నడిగాడు. నాదేనన్నాను. అంతవరకూ నేల చూస్తున్న మావయ్య అప్పుడు నోరు విప్పి, "మైనే బోలా థా ఇస్కో" అన్నాడు. నూనె లేకుండా పొయ్యొద్దని వీడికి ముందే చెప్పానన్నాడండీ, ఆ పెద్దమనిషి! ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం ఊడింది. ఎవరెవరి కాళ్ళో పట్టుకుని సోహార్‌లో ఒక కంపెనీ స్టోర్‌లో చేరి, ఇనపసామాను మధ్యే వయసంతా కరిగించాను. ఆయన ఆ కుర్చీలోనే దర్జాగా రిటైరయ్యాడు. పోయాడని కబురొచ్చిన రోజున నేను స్నానం కూడా చెయ్యలేదు.

ఇప్పటి హేచరీల్లో నూనె పట్టిందో లేదో పరీక్ష చేస్తేగాని మేత పొయ్యరట. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా మేనేజరు మొహం మీదే కుదరదనేస్తారట. వింటే సంతోషించాలి గానీ నాకు ఏడుపొస్తుంది. ఆయన మరిచిపోయాడు, దాచాడు, అబద్ధమాడాడు, చచ్చినా క్షమించను. కానీ ఆ వట్టి పురుగులో బలం లేదని ఆయనకు నిజంగానే తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఏడు రోజులు ఆ పిల్లలకు పోసింది నేనే.