నేపాలీ అక్క పులియబెట్టిన ఆకు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టరు. మా గోడకు ఆనుకుని ఉన్న క్వార్టర్లో ఒక గూర్ఖా, ఆయన భార్య ఉండేవారు. ఆయన గేటు దగ్గర కాపలా డ్యూటీ చేసేవాడు. ఆమెను నేను నేపాలీ అక్క అనేదాన్ని. మా నాయన తల్లిని, అంటే మా బాపమ్మను, ఆమె అవ్వా అని పిలిచేది. ఆమెకు తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది గానీ, నవ్వు మాత్రం నిండుగా వచ్చేది.

ఒక చలికాలం అక్కకు తొలిచూలు. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. అన్నం చూస్తే వాంతి, పప్పు వాసనకే వాంతి. మనిషి పుల్లలా అయిపోయింది. ఇట్లా తినకపోతే లోపలి బిడ్డకు కష్టమని దవాఖాన నర్సమ్మ గట్టిగానే చెప్పిందట. చివరికి ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే గూర్ఖా ఆమెను దవాఖానలో చేర్పించాడు. పోతూ పోతూ ఇంటి తాళంచెవి బాపమ్మ చేతిలో పెట్టాడు.

అక్క తిరిగి వచ్చే రోజు పొద్దున్నే బాపమ్మ చీపురు పట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్లింది. కడుపుతో ఉన్న పిల్ల అడుగు పెట్టేసరికి ఇల్లు కడిగి ముగ్గేసి ఉండాలని ఆమె పట్టుదల. నేను కొంగు పట్టుకుని వెనకాలే ఉన్నాను. పొయ్యి పక్కన, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండ కనిపించింది. విప్పితే పుల్లటి వాసన గుప్పుమంది. లోపల ముల్లంగి ఆకు నలిగి, పసుపురంగుకు తిరిగి, గట్టిగా అణిచి ఉంది. పాపం, కూరకని తెచ్చుకుని దవాఖాన హడావిడిలో మరిచిపోయింది, ఆకంతా మురిగిపోయింది అనుకుంది బాపమ్మ. దాన్ని తీసుకెళ్లి పెంటకుప్ప మీద పారేసి, కుండను బూడిదతో తోమి బోర్లించింది.

అక్క వచ్చింది. ఇల్లు చూసి సంతోషపడింది. పొయ్యి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. బోర్లించిన కుండను తీసి, లోపల వాసన చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఆమె మొహమే చూస్తున్నాను. అక్క కుండను ఎక్కడిదక్కడ పెట్టి, వచ్చి బాపమ్మ కాళ్లకు దండం పెట్టింది.

మర్నాడు గూర్ఖా డ్యూటీకి పోతూ మా గుమ్మం ముందు ఆగాడు. "అవ్వా, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. గది పాడైన ఆకు కాదు. గుంద్రుక్ అంటరు, మా దిక్కు కూర. పులిసినంక ఎండబెట్టి చారు చేస్తరు. గదొక్కటే తినబుద్ధి అయితుందని దాని కోసమే చూస్తుండె," అన్నాడు తల వంచుకుని.

బాపమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు.

అంగడి రోజున నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ముల్లంగి అమ్మేవాళ్లు ఆకు తుంచి పక్కన పారేస్తారు కదా, అదంతా పాతచీరలో మూటగట్టింది. "మేకలను కొన్నవా అవ్వా?" అని ఎవరో నవ్వారు. బాపమ్మ వినిపించుకోలేదు. మూట తెచ్చి నేపాలీ అక్క ముందు విప్పి, కింద చతికిలబడింది. "నాకు తెల్వక పారేసిన బిడ్డా. ఎట్ల చెయ్యాలెనో చెప్పు, నేను చేస్త," అంది.

అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆకు వాడనిచ్చి, దంచి, కుండలో గాలి చొరకుండా అణిచి పెట్టాలని చేతులతోనే చూపించింది. ఈసారి కుండ వెచ్చగా ఉండాలని మా బొగ్గుపొయ్యి పక్కనే పెట్టారు. వాసనకు మా అమ్మ ముక్కు మూసుకుంటే బాపమ్మ ఊరుకుంటుందా? "నీ మొగడు బాయిల నుంచి వచ్చి ఇప్పే బూట్ల కంటే నయమే తియ్!" అనేసింది. అమ్మ కూడా నవ్వేసింది.

కుండ చూడటానికి అక్క రోజూ మా ఇంటికి వచ్చేది. వచ్చిన మనిషిని బాపమ్మ మాటల్లో పెట్టి ఇంత జావ తాగించేది. పులిసిన ఆకును మా దండెం మీద ఆరేశారు, బొగ్గుదుమ్ము పడకుండా పైన పల్చటి చీర కప్పి.

చారు కాచిన రోజున బాపమ్మ పక్కన మక్క గట్క కూడా వండింది. మొక్కజొన్న పిండిని మసిలే నీళ్లలో గెలికి చేసే గట్టి ముద్ద, మా పాతకాలపు తిండి. పళ్లెంలో దాన్ని చూసి అక్క "ఢిడో!" అని అరిచింది. వాళ్ల కొండల్లోనూ అదే తింటారట. ముద్ద తుంచి చారులో ముంచి నోట్లో పెట్టుకుంది. ఎక్కడ వాంతి చేసుకుంటుందోనని మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆమె పళ్లెం ఖాళీ చేసి, మళ్లీ ముందుకు జరిపింది.

ఎండలు ముదిరాక ఆడపిల్ల పుట్టింది. తర్వాత వాళ్లు ఎటో వెళ్లిపోయారు. ఇప్పుడు చౌరస్తాలో మోమోలు అమ్ముతున్నారు, నేపాల్ తిండి అని నా మనవలు తెచ్చి పెడతారు. బాగానే ఉంటాయి. నాకు మాత్రం ఆ పుల్లటి వాసనే గుర్తొస్తుంది.

మా ఆయన పోయిన కొత్తలో నాకూ ముద్ద దిగేది కాదు. తిను తిను అని అందరూ పోరారు. నా కోడలు మాత్రం పక్కన కూర్చుని, "నీకేం తినబుద్ధి అయితుంది అత్తమ్మా?" అని అడిగింది. ముల్లంగి ఆకు తెమ్మన్నాను. ఎందుకని అడగకుండా తెచ్చి, నా పక్కన కూర్చుని దంచింది.

ఎవరింటికి పోయినా, పొయ్యి పక్కన మూత పెట్టిన కుండ కనిపిస్తే నా చెయ్యి ఇప్పటికీ ముందుకు పోదు. ఇందులో ఏముంది బిడ్డా అని ముందు నోరే అడుగుతుంది.