ముప్పై ఒకటో వరుస

1979. వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో ప్రోగ్రామర్‌గా నాకు రెండో ఏడు. టెంపరరీ ఉద్యోగం. అప్పట్లో ప్రోగ్రామును ఒక్కో వాక్యానికి ఒక్కో అట్టముక్క చొప్పున చిల్లులు కొట్టి మెషిన్‌కు ఇచ్చేవాళ్లం. వాటినే పంచ్ కార్డులంటారు. వాటిని మెషిన్‌లో పెట్టేది, తీసేది ఆపరేటర్ యాదగిరి.

ఆ వేసవిలో హైదరాబాద్‌లోని ఒక రక్షణ పరిశోధన సంస్థ నుంచి రామ్మూర్తి అనే సైంటిస్టు వచ్చారు. తమ మెషిన్ రిపేరులో ఉందని, ఒక లెక్క ఇక్కడ చేయించుకుంటామని ప్రిన్సిపాల్‌ను అడిగారు. నాకొక ఫార్ములా, కొన్ని అంకెలు ఇచ్చారు. కాలమ్‌లకు పేర్లు లేవు. ఎ, బి, సి, అంతే.

ప్రోగ్రాము రాసి రన్ చేశాను. ప్రింటవుట్‌లో ముప్పై వరుసల దాకా బాగానే ఉంది. ఆ తర్వాతి వరుస నుంచి సి సున్నా కంటే కిందికి దిగిపోయింది.

"సార్, సి మైనస్‌లోకి పోవచ్చా?" అని అడిగాను.

"అది చెప్పడానికి లేదమ్మా."

"దూరమో, బరువో తెలిస్తే..."

"మీరు లెక్క చూడండి, చాలు."

రెండు రోజులు చూశాను. చేత్తో వేసినా అదే జవాబు. సి అనేది బరువైతే తప్పు. ఉష్ణోగ్రతైతే ఏ తప్పూ లేదు. ఎత్తైతే? నేలకు కిందనా? ఎటు ఆలోచించినా తేలలేదు.

యాదగిరి కార్డుల కట్ట బల్ల మీద పెట్టాడు. "మేడం, అన్నీ ఒక్కొక్కటి చూసిన. ఒక్కటి సుత తప్పు లేదు. జర ఆయననే గట్టిగ అడుగుండ్రి."

"అడిగిన యాదగిరన్నా. చెప్తలేడు."

"మరి గదేందో తెల్వకుంట తప్పో ఒప్పో ఎట్ల చెప్తం?"

మూడో రోజు రామ్మూర్తి గారు ఒక కాగితం ఇచ్చారు. ఫలితాలు సరైనవని ధ్రువీకరిస్తూ నేను సంతకం చేయాలి. ప్రిన్సిపాల్ కూడా పెట్టెయ్యమన్నారు. పెడితే రేపు ఎవరి మీద ఏం పడుతుందో తెలియదు. పెట్టకపోతే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. చివరికి వాళ్ల వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "ఇచ్చిన ఫార్ములా ప్రకారం లెక్క సరిగానే చేశాను. ఫార్ములా సరైనదో కాదో నాకు తెలియదు. ముప్పై ఒకటో వరుస నుంచి మళ్లీ చూసుకోవాలి." కింద సంతకం చేశాను.

ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. కోపమో కాదో ముఖంలో ఏమీ కనిపించలేదు.

కొన్ని నెలలకు ఆ సంస్థ నుంచే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. చేరిన మొదటి వారం రామ్మూర్తి గారి గదికి వెళ్లి ఆ లెక్క గురించి అడిగాను.

"ఆ ఫార్ములా తయారుచేసింది నేనేనమ్మా," అన్నారు.

"మరి తప్పుందా సార్?"

"చూశాం."

అంతకు మించి చెప్పలేదు. తప్పు దొరికిందనా, దొరకలేదనా? నా కాగితం వల్లే నన్ను పిలిచారా, అలా రాసినా పిలిచారా? అదీ తెలియలేదు.

యూనిఫారం లేని సివిలియన్‌గా అక్కడే చాలా ఏళ్లు పనిచేశాను. నా ప్రోగ్రాముల్లో సగం దేనికి వాడారో నాకు తెలియదు. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఏ రిపోర్టు రాసినా చివర్లో నాకు తెలియనివేమిటో ఒక పేరాలో రాసేదాన్ని. అది తీసెయ్యమన్న పైఅధికారులు ఉన్నారు. నేను తీయలేదు.