మూట కట్టు

పోయిన మనిషి మీద ఒట్టు పెట్టకూడదంటారు. అయినా మా ఆయన మీద ఒట్టు... ఇది జరిగింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మూసీ నది మీది పాత వంతెన, మేం పూల్ అంటాం, ఇప్పుడు షికారు జాగా అయింది. రంగు దీపాలు, బెంచీలు, పాటకు ఎగిరే నీళ్లు. అంతకుముందు అది మా బజారు. ఇరవై ఏళ్లు అక్కడే గోనె పరిచి పుదీనా, కొత్తిమీర అమ్మాను. మా ఆయన పూల్ మొదట్లో తోపుడు బండితో నిలబడేవాడు. దారిలో కూర్చున్నవాళ్ల సరుకు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ గాడీ వస్తుంటే నాకు కేక వేసేవాడు. "గాడీ ఆయీ... మూట కట్టు!" ఆ కేక వినబడితే వెనక్కి చూడకూడదు. గోనె నాలుగు కొనలూ పట్టి, మూట నెత్తిన పెట్టి ఉరకడమే. ఆగి చూసినవాళ్ల సరుకు పోయేది.

రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. మూడు నెలలు మంచం మీద... నన్ను చూసి పెదవులు కదిపేవాడు. మాట వచ్చేది కాదు. ఏం చెప్పాలనుకున్నాడో చెప్పకుండానే పోయాడు. ఒక్కసారి ఆ గొంతు వింటే చాలని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మనవరాలు షికారుకు పోదామంటే, దబీర్‌పురాలో ఆటో ఎక్కాను. మా జాగాలో కాసేపు కూర్చోవాలని.

జాగా దొరికింది. పక్క గోడలో ఒక రాయి మూల విరిగి ఉంటుంది, అదే గుర్తు. శాలువా పరిచి కూర్చున్నాను. పిల్ల చెప్పులు విడిచి, పేలాల పొట్లం ముందు పెట్టుకుంది.

"అమ్మమ్మా, బెంచీ మీద కూసోరాదు? అందరు మనల్నే సూస్తున్నరు."

చూడనీ అన్నాను.

తొమ్మిది కావస్తోంది. పాట ఆగింది. ఎగిరే నీళ్లు ఆగాయి. జనం పలచబడ్డారు. కింద మూసీ చప్పుడు కూడా లేదు...

అప్పుడు... చప్... చప్...

తడి చేత్తో ఆకుకూర మీద నీళ్లు చిలకరించే చప్పుడు. నా ఎడమ పక్కనే. చూస్తే ఎవరూ లేరు. మళ్లీ... చప్. పుదీనా వాసన. నలిపితే వచ్చేది కాదు, తెల్లారి మూట విప్పితే వచ్చే వాసన. రాయి ముట్టుకున్నాను... తడిగా ఉంది.

వెనకాల, పూల్ మొదటి నుంచి... ఆయన గొంతు.

"మూట కట్టు."

కేక కాదు. మెల్లగా అన్నాడు. అంత దూరం నుంచి, అంత మెల్లగా అంటే ఎట్లా వినబడుతుంది? వినబడింది.

నేను తిరిగి చూడలేదు. చేతులు వాటంతట అవే శాలువా నాలుగు కొనలూ పట్టాయి. పేలాలు, పిల్ల చెప్పులు అన్నీ మూటలో. పిల్ల రెక్క పట్టుకుని ఉరికాను. అవతలి గేటు దగ్గరే ఆగాను. పిల్ల ఏడుస్తోంది. తనకేమీ వినబడలేదంది.

"ఏందమ్మా, ఎవలన్నా తరిమిన్రా?" అన్నాడు గేటు కావలి మనిషి. గొంతు విన్నావా అంటే, మైకు కూడా బంద్ చేసేశామన్నాడు.

ఇంతలో నా వెనకే ఇంకొకామె ఉరికొచ్చింది. బురఖా, నెత్తిన దుప్పటి మూట. మూటలో టిఫిన్ డబ్బా గలగలమంటోంది. గుర్తుపట్టాను. నిమ్మకాయల బీ... బజారున్నప్పుడు నాకు ఇరవై అడుగుల దూరంలో కూర్చునేది. ఆమె మనవళ్లు "దాదీ, దాదీ" అంటూ వెంట పడి వస్తున్నారు.

"నువ్వు గూడ విన్నవా?" అన్నాను.

"హౌ అక్కా. గాడీ ఆయీ అన్నది."

"అన్నది గాదు బీ... అన్నడు. మా ఆయన గొంతు."

బీ నన్ను అదోలా చూసింది. "కాదక్కా. మా ఆపా గొంతు. ఆపా మట్టిల కలిసి నాలుగేండ్లాయె."

ఆపా అంటే ఆమె అక్క. పక్కనే కూర్చుని నిమ్మకాయలే అమ్మేది.

"తిరిగి సూసినవా?"

"సూడలే. నువ్వు?"

నేనూ తల ఊపాను, లేదని.

పూల్‌కు వీపు పెట్టి, మూటలతో అట్లాగే నిలబడ్డాం. వెనక దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి... ముందర మా నీడలు పోవడం చూసి తెలుసుకున్నాం. చివరి నీడ పోయేదాకా ఇద్దరం తిరగలేదు.

మూడు నెలలు పెదవులు కదిపి చెప్పలేకపోయిన మాట అదేనా? లేక నిజంగానే ఏదో గాడీ వస్తుంటే హెచ్చరించాడా? ఏ గాడీ? ఒక్క మాట వింటే చాలనుకున్నదాన్ని... వినీ ఉరికొచ్చాను. బీ మళ్లీ పోదామంటోంది. పోతాను. ఈసారి ఆ గొంతు వినబడితే... చూడాలా, ఉరకాలా?