బాలమ్మ రొట్టె చుట్టలు

చేతులు ఊరికే ఉంటే బాలమ్మకు భయం ఎక్కువవుతుంది. అందుకే ఏ ఫికర్ పట్టుకున్నా పొయ్యి ముట్టిస్తుంది. నిన్నటి పల్చటి రొట్టెల్లో వేయించిన ఉల్లిగడ్డ పెట్టి, చాపలా చుట్టి, అంచుకు తడిపిండి రాసి, నూనెలో విడిపోతుందేమోనని ఒక్కోదాన్ని మళ్లీ మళ్లీ బొటనవేలితో నొక్కి చూస్తుంది. తుపాకుల మూకలు ఇళ్లలో చొరబడుతున్న 1948లో ఒకనాడూ అదే చేసింది. ఇల్లు ఖాళీగా కనబడాలని ఆమె భర్త బీరయ్య ఆమెను లోపలే ఉంచి బయట తాళం వేసి, పాలు పోయడానికి చాంద్రాయణగుట్ట వైపు పోయాడు. ఇంకా రాలేదు. చుట్టలు ఎర్రగా వేగి పళ్లెంలోకి చేరేసరికి, గోడ మీదుగా పక్కింటి హమీదా గొంతు తగ్గించి పిలిచింది.

"బాలమ్మా, పొయ్యి ఆర్పు! తుపాకులోళ్లు మా గుమ్మంల నిలబడ్డరు. మీ ఇంట్ల ఎవరూ లేరని చెప్పిన. వాసన ఏందంటే, నేనే చేస్తున్న అన్న. గవి ఇటియ్యి, జల్దీ!"

బాలమ్మ పళ్లెం అందించి, కట్టెలు లాగేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. అవతల మగవాళ్లు కరకర నములుతున్న చప్పుడు.

"ఔర్ హై క్యా, ఖాలా?" అని, ఇంకా ఉన్నాయేమో అడిగాడొకడు.



"బస్, ఇత్తేచ్ థే బేటా," అంటూ, ఉన్నవి అంతేనని నవ్వుతూ చెప్పింది హమీదా.

కాసేపటికి చెప్పుల చప్పుడు లాడ్ బజార్ వైపు పోయింది. ఖాళీ పళ్లెం గోడ మీదికి వచ్చింది. అందుకోబోతే హమీదా చెయ్యి తగిలింది. అది తన చేతికన్నా ఎక్కువగా వణుకుతోంది. బాలమ్మ పళ్లెం కింద పెట్టేసి ఆ చేతిని పట్టుకుంది. బీరయ్య వచ్చి తాళం తీసేదాకా విడవలేదు.