యజమాని సింగయ్య

అడవులదీవిలో సింగయ్య చేపలు పట్టేవాడు. భార్య గంగరత్నం అవి అమ్మి, డబ్బు రొంటిన దోపుకునేది. డెబ్బయ్యేడు ఉప్పెనలో వల కొట్టుకుపోతే, కొత్త వలకని సర్కారు డబ్బు మంజూరు చేసింది.

"మా గంగరత్నాన్ని పిలుస్తానుండండి బాబూ. డబ్బు దాచడం దానికే తెలుసు," అన్నాడు సింగయ్య.

"ఇంటి యజమానికే ఇవ్వాలయ్యా," అన్నాడు ఆఫీసులో డబ్బిచ్చే గుమాస్తా.

"నేననేదీ అదేనండి!"

అయినా ప్రభుత్వం ఆ పదవిని సింగయ్యకే కట్టబెట్టింది. నోట్లతో బయటికి రాగానే, అంతవరకూ లేని బావమరుదులు కల్లుపాక దగ్గర పుట్టుకొచ్చారు.

"బావా, ఒక్క ముంత!"

వల ముంతల పాలవుతుందని హడలి, నడిసముద్రంలో బెదరని సింగయ్య ఇంటికి పరుగెత్తాడు. డబ్బంతా గంగరత్నం ఒళ్లో పోశాడు.

ఆమె అలవాటుగా పావలా తీసిచ్చింది. "టీ తాగిరా, పో. రేపు వల కొందాం."

సర్కారు సాయం తనకు ముట్టినట్టు సింగయ్యకు అప్పుడనిపించింది.