పిస్తోలు నోట్లో కుంకుమ

మా నాయన పోయిన ఏడు, దసరాకు నాలుగు రోజుల ముందు, మా ఇంటి పిస్తోలు ఇప్పటికీ పేలుతుందని ఒక పెద్దమనిషికి చెప్పాను. పేలుతుందో లేదో నాకు తెలియదు. కదిరి బజారులో కిరాణా అంగడి వెనక పుట్టి పెరిగినవాణ్ణి. మూట విప్పకముందే కందిపప్పు మేలిమి అంటాము. విప్పాక పుచ్చులు కనబడితే పైవరసే అట్లుందని, అడుగున బంగారమని అంటాము. పిస్తోలు గురించీ అదే నోటితో అన్నాను.

అది మూరెడు పొడవుండే పాతకాలపు వస్తువు. ఇత్తడి కట్లు వేసిన చెక్క పిడి, ఇనుప గొట్టం, గొట్టం కింద దూర్చిపెట్టిన సన్నటి కడ్డీ. మందు, గుండు మూతిలోనుంచే పోసి, ఆ కడ్డీతో కూరి, వెనక నిప్పు రేపే రాగి టోపీ పెట్టి కాల్చాలి. ఒక కరువులో, చితికిపోయిన పాలెగాళ్ల ఇంటివాళ్లు దాన్ని మా తాతకిచ్చి రెండు మూటల కొర్రలు తీసుకుపోయారట. నాయన దాని గురించి రెండు మాటలు చెప్పేవాడు. పోలీసులు అడిగితే, "పనిచెయ్యదు సార్, ఉత్త ఇనుప ముక్క." గిరాకీలు అడిగితే, "ఒక్క గుండుకు ఏనుగు పడతాది." మా చుట్టుపక్కల ఏనుగులు లేవు కాబట్టి ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఏడాదికి ఒకసారి, ఆయుధపూజకు అది బయటికి వచ్చేది. తక్కెడ, తూకపు రాళ్లు, నూనె కొలిచే డబ్బాలు, బెల్లం కొట్టే కత్తి, అన్నిటి మధ్యలో పిస్తోలు. నాయన అన్నిటికీ గంధం పూసి, బొట్టు పెట్టి, చివరికి పిస్తోలు మూతిలో చిటికెడు కుంకుమ, నాలుగు అక్షింతలు వేసి, ఒక చుక్క శనక్కాయ నూనె వదిలేవాడు. అది దాని నైవేద్యం. దేవునికి పెట్టింది వెనక్కి తియ్యకూడదు కాబట్టి ఎవరమూ దాన్ని బోర్లించి దులపలేదు. చెంచాలో అరచెంచా తగ్గినా కనిపెట్టే ఇంట్లో, ఇన్నేళ్ల కుంకుమ ఆ గొట్టంలో ఏమవుతోందని ఒక్కరమూ అడగలేదు.

ఆ ఏడు వానలు లేవు. శనక్కాయ చేలు పూతలోనే ఎండాయి. పల్లెల నుంచి వచ్చే బస్సులు ఖాళీగా వచ్చేవి, అంగట్లో నేనూ ఈగలూ కూర్చునేవాళ్లం. అట్లాంటప్పుడు బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. పాత కత్తులు, గడియారాలు కొని దాచుకునే మనిషి. ఎవరు చెప్పారో, నేరుగా మా అంగడికే వచ్చి పిస్తోలు చూపమన్నాడు. ధర చెప్పాడు. మంచి ధరే. మంచి ధర వినగానే ఒప్పుకునేవాడు మా వీధిలో పుట్టడు.

నాకొక పాడు అలవాటు ఉంది. బేరంలో లోపల లెక్క వేసుకునేటప్పుడు చెయ్యి దానంతటదే చెవి తమ్మె మీదికి పోతుంది. "చెవి ముట్టుకోవద్దురా, నీ కడుపులో ఉండేది ఎదుటోనికి కనపడతాది" అని నాయన ఎన్నిసార్లు తిట్టాడో. ఆరోజూ చెవి పట్టుకొని అన్నాను: "సార్, ఇది ఉత్త చూసే వస్తువు గాదు. ఈ పొద్దుకూ పేలతాది."

"హౌదా?" అన్నాడాయన కన్నడంలో, నిజమా అన్నట్టు కనుబొమ్మలు పైకెత్తి.

అది సవాలు అనుకున్నాను. "నమ్మకం లేకపోతే రేపు సాయంత్రం రాండి, మీ కండ్ల ముందరే కాల్చి చూపిస్తా" అన్నాను.

అమ్మ లోపలి గడపలో నిలబడి అంతా విన్నది. ఆయన వెళ్లాక బయటికి వచ్చింది. "అమ్మొద్దు, కాల్చొద్దు. యాడుండేది ఆడనే ఉండనీ. మీ నాయన చేతులు ముట్టిన వస్తువు అది."

"పెట్టెలో పెట్టుకుంటే ఏం తిందాం మా, కుంకుమా?"

అమ్మ లోపలికి పోయింది.

కాల్చడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు. పండక్కి కణేకల్ నుంచి అక్కను తీసుకొని బావ వచ్చి ఉన్నాడు. కాలువ కింద సేద్యం, పంట మీదికి అడవిపందులు వస్తే కొట్టడానికి లైసెన్సు తుపాకి. ముక్కు మీద కోపం, నా మీద అంతులేని ఎగతాళి.

"ఏమప్పా బామ్మర్దీ, పప్పులమ్మేటోనికి పిస్తోలెందుకు? ఎలకల్ని కొడతావా?" అన్నాడు. తర్వాత గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి అడిగాడు, "లోపల శుభ్రం చేసినావా?"

"చేసినా" అన్నాను. నేను తుడిచింది పైన మాత్రమే. ఇత్తడి కట్లు చింతపండుతో తోమి తళతళలాడించాను. సరుకు పైమెరుపు చూపడమే కదా మా పని.

మరుసటి సాయంత్రం బయలుదేరేటప్పుడు అక్క వాకిట్లోకి వచ్చి నా చొక్కా పట్టుకుంది. "ఏమీ కాదు గదరా?"

"ఏమైతాది?"

ఊరి బయట ఎండిన వంక. నీళ్లు పారి ఎన్నాళ్లయిందో, ఇసుక మీద మేకల అడుగులు తప్ప ఏమీ లేవు. ఎదురుగా గట్టుకు ఒక ఖాళీ నూనె డబ్బా ఆనించాం. పెద్దమనిషి పదడుగుల వెనక, తెల్ల పంచె దుమ్ము పడకుండా పైకి పట్టుకొని నిలబడ్డాడు.

బావ తన సంచిలోనుంచి మందు తీసి చిటికెడు, కచ్చితంగా చిటికెడే, గొట్టంలో పోశాడు. ఒక గుండు వేశాడు. కడ్డీ దూర్చి కూరాడు. నా చూపు కడ్డీ మీద ఉంది. గొట్టం ఎంత పొడవో కడ్డీ అంతే పొడవు. ఖాళీ గొట్టంలో అయితే అది పూర్తిగా లోపలికి పోవాలి. చిటికెడు మందుకు, ఒక గుండుకు ఒకటిన్నర వేలు బయట నిలవాలి. అది బెత్తెడు నిలిచింది.

నేను నూనె డ్రమ్ములో పుల్ల పెట్టి కొలిచి పెరిగినవాణ్ణి. ఒక సేరు పోస్తే పుల్ల మీద మూడు సేర్ల తడి కనిపించిందంటే, రెండు సేర్లు ముందే లోపల ఉన్నాయని అర్థం. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఆ గొట్టం అడుగున ఏదో ఉంది. కుంకుమ ఉందని తెలుసు. దాని కింద ఇంకేముందో తెలియదు. తాత దాన్ని తెచ్చుకున్న రోజు నుంచి ఒక్కసారి కూడా అది పేలలేదు, ఖాళీ కాలేదు. ఇప్పుడు కాలిస్తే గొట్టమే చీలి, పట్టుకున్నవాని చెయ్యి పోవచ్చు.

బావ కడ్డీ లాగి పక్కన పెట్టాడు. టోపీ పెట్టాడు. నా వైపు తిరిగి, "కాల్చేదా బామ్మర్దీ?" అన్నాడు.

నేను పలకలేదు. చెప్పానంటే బేరం పోతుంది. ఒకవేళ ఏమీ కాకపోతే? పేలి, డబ్బా ఎగిరి, పెద్దమనిషి తను చెప్పిన ధరకు సగం మళ్లీ కలిపి ఇస్తే? నేను లెక్క వేస్తున్నాను.

బావ ముందుకు తిరిగాడు. చెయ్యి చాచాడు. బొటనవేలితో టోపీని కొట్టే సుత్తిని వెనక్కి లాగిన టిక్కుమన్న చప్పుడు ఆ వంకలో చాలా పెద్దగా వినిపించింది.

"బావా, దించు!"

"ఏమైంది?"

"కాల్చొద్దు. అది పనిచెయ్యదు. నేను అబద్ధం చెప్పినా."

మా అంగడి పుట్టినప్పటి నుంచి ఆ గల్లా దగ్గర కూర్చున్నవాడెవడూ గిరాకీ ముందు ఆ మాట అని ఉండడు. అంతకన్నా కష్టమైంది, బావ చెయ్యి దించలేదు. ఆయన మెడ ఎర్రబడింది.

"ఈ పెద్దమనిషి ముందర నన్ను తెచ్చి నిలబెట్టి ఇప్పుడు పనిచెయ్యదంటావా? పనిచేస్తాదో లేదో ఇప్పుడే తేలుస్తా."

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా. కడ్డీ మళ్లా లోపలికి పెట్టి చూడు. యాడికి ఆగుతాదో గోరుతో గుర్తు పెట్టి, తీసి గొట్టం పక్కన ఆనించి చూడు. నూనె డ్రమ్ములో పుల్ల పెట్టినట్ల. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత సుత్తిని వేలితో మెల్లగా ముందుకు దించి, టోపీ తీసి జేబులో వేసుకున్నాడు. కడ్డీ పెట్టాడు, గోరు ఆనించాడు, తీశాడు. గొట్టం పక్కన పెట్టి చూశాడు. ఎక్కడ పిడి పట్టుకుంటామో, సరిగ్గా ఆ ముందర నాలుగు వేళ్ల మేర నిండి ఉంది.

బావ తన కుడిచెయ్యి ఒకసారి తెరిచి, మూసి చూసుకున్నాడు.

పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు. "యాకప్పా, ఎందుకిదంతా? నేను గోడకు తగిలించుకునేదానికి గదా అడిగింది. కాల్చేది నాకెందుకు? నువ్వే కాలుస్తానంటివి, చూద్దామని వచ్చినా." పంచె దులుపుకొని నడిచాడు. నాలుగడుగులు పోయి, "అబద్ధం చెప్పినోని దగ్గర నేను దుడ్లు పెట్టి కొనను" అన్నాడు, తిరిగి చూడకుండానే.

ఆ పిస్తోలును మూడు రోజులు నీళ్ల బకెట్లో మూతి పైకి పెట్టి నానబెట్టాం. బావ ఒక కడ్డీ చివర మరలాగ మలిపించి, కొంచెం కొంచెంగా తీశాడు. ముందు తన గుండు, తన మందు వచ్చాయి. తర్వాత ఇటుకలాగా గట్టిపడిన ఎర్రటి ముద్ద, అందులో నల్లబడిన బియ్యపు గింజలు. దాని కింద గుడ్డపీలిక, సీసపు గుండు, అడుగున పాలెగాళ్ల నాటి మందు. బావ అందులో కొంచెం గోటిమీద తీసి, ఎండబెట్టి, పెరట్లో నిప్పు తగిలించాడు. బుస్సుమని లేచింది. అమ్మ, అక్క, నేను, ముగ్గురమూ వెనక్కి జరిగాం.

అమ్మ ఆ ఎర్ర ముద్దను పారెయ్యనివ్వలేదు. చీర చెంగులో కట్టుకొని లోపలికి పోయింది. అమ్మాలా కాల్చాలా అన్న మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

తర్వాత చాలా ఆయుధపూజలు జరిగాయి. ఇప్పుడు పిస్తోలు మూతికి తెల్లగుడ్డ బిరడా పెడతాం, బొట్టు పైపైనే పెడతాం. పందొమ్మిదివందల ఎనభైలలో ఒక ఏడు, పూజయ్యాక బావా నేనూ అంగట్లో మిగిలాం. ఆయన మరమరాలు నములుతూ, ఏదో వానల గురించి అడిగినట్టే అడిగాడు.

"ఆ పొద్దు వంకలో కాల్చేదా అని నేను అడిగితే, నువ్వేం చేసినావో గుర్తుండాదా?"

"లేదు బావా."

"చెవి పట్టుకున్నావు."

నేను తూకపు రాళ్లు వరసగా సర్దడం మొదలుపెట్టాను.

"నేను చూస్తాంటి. ధర పెంచేదానికి లెక్కేస్తాండాడులే అనుకొని అట్ల తిరిగితి. ఆ లెక్కలో నా చెయ్యి కూడా ఉండాదని తెలియకపాయ." ఇంకో పిడికెడు మరమరాలు నోట్లో వేసుకున్నాడు, కుడిచేత్తో. "మీ అక్కకు చెప్పలేదులే."

నా చెయ్యి చెవి వైపు సగం దూరం పోయింది. దాన్ని ఆపి, ఎందుకో తెలియకుండానే, తక్కెడ పళ్లెం మీద పడిన కుంకుమ తుడిచాను.