నిలబడి కూరలు కోసిన అత్తగారు

మా అత్తగారు పోయి పక్షం దాటింది. "ముసలావిడ, సుఖంగా పోయింది" అన్నారు చూడవచ్చినవాళ్లు. సుఖం కోసం కాచుకు కూర్చున్న మనిషి కాదావిడ. పోయిన రోజు ఉదయం కూడా గోరుచిక్కుళ్లు ఈనెలు తీసి, కోసి పెట్టే పోయారు.

ఆవిడ మోకాళ్లు పట్టేసి కత్తిపీట ముందు కూర్చోలేకపోయిన ఏడాదే మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. దానికోసం నాపరాయి గట్టు కట్టించిన బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, తల్లిని ఇక వంటింటి జోలికి రావద్దన్నారు.

"నీకెందుకమ్మా ఇదంతా? ఓ మూల కూర్చోని తిను."

"కూర్చోలేకే గదరా ఈ గొడవంతా! నిలబడి కోస్తా."

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని నరసరావుపేట బజారుకెళ్లారు. తళతళలాడే స్టీలు కత్తుల్ని పక్కకు నెట్టి, అరచేతి పొడవు ఇనుప కత్తి ఒకటి తీసి ఊపి చూశారు. ఇనుము పిడిలో కదలకూడదు. సంచిలోంచి మెత్తటి టమాటా తీసి కొట్టువాడి ముందే కోశారు.

"నొక్కితే తెగేది కత్తి కాదమ్మాయ్. ఆనిస్తే తెగాల."

రాతిగట్టు మీద కోయనిచ్చేవారు కాదు, చెక్కపలక ఉండాల్సిందే. ముక్కల్ని కత్తి వీపుతోనే తోయాలి. పులుపు తగిలితే వెంటనే కడిగి, తుడిచి, నూనె చుక్క రాయాలి. పదును తగ్గితే ఊరగాయ జాడీ బోర్లించి, దాని అడుగు గరుకు అంచున నూరేవారు. చేతిలోంచి చేతికి మాత్రం ఇచ్చేవారు కాదు, తగవులొస్తాయని. పలక మీద పెడితే మనం తీసుకోవాలి.

"ఏంది వదినా, హోటల్లో పనికి కుదిరావా?" అంది ఎదురింటి పిన్ని, ఆవిడ నిలబడి కోయడం చూసి.

"రా, నీకూ కోసిపెడతా. పళ్లు లేవుగా, ఇంకా సన్నగా కోస్తాలే."

ఒకరోజు ఆవిడ వేలు తెగింది. బావగారు కత్తి లాక్కుని అటక మీద పడేశారు. "చేతులు వణుకుతున్నాయి, ఇక చాలు."

"చెయ్యి వణికి కాదురా. పొద్దున ఆ కత్తితో కరెంటు వైరు చెక్కింది నువ్వు గాదూ? మొద్దుబారిన కత్తే వేలు కోస్తది. నా చేత్తో కొయ్యని కూర నేను ముట్టను."

సాయంత్రందాకా మెతుకు ముట్టలేదు. నేను స్టూలెక్కి కత్తి దించి, జాడీ అడుగున నూరి, పలక మీద పెట్టాను. ఆవిడ కత్తి తీసుకున్నారు. వంకాయ అందుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ్ని ఆపమని నన్ను ఎవరడిగినా నేను వినలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ సామాను బయటికి తీయిస్తూ బావగారు వంటింట్లోకి తొంగిచూశారు.

"ఆ కత్తి కూడా పడెయ్ అమ్మాయ్. నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా, కత్తిపీట తీసుకో."

"పడెయ్యను బావగారూ. ఈ వంటింట్లో ఎవరెట్లా కొయ్యాలో కోసేవాళ్లం మేమే చూసుకుంటాం."

అంతవరకూ ఆయనకు నేను నోరు తెరిచి ఎదురుచెప్పి ఎరగను. నేను తలెత్తలేదు. చేతిలో దోసకాయ ఆ కత్తి అంచున తిరుగుతోంది. పసుపుపచ్చని చెక్కు ఎక్కడా తెగకుండా, చుట్టలు చుట్టలుగా గట్టు అంచు దాటి నేలవైపు దిగుతోంది.